గూబను నిద్రపోనీను

మామా, సెనక్కాయ చేన్లో ఎలకల్ని తింటాదని నువ్వు ఎవుర్నీ కొట్టనీకుండా కాపాడిన గుడ్లగూబ, పొద్దున మన మోటారు కాడ కరెంటు తీగ తగిలి కింద పడింది. నీ తువ్వాల్లో చుట్టుకొని పులివెందులకు ఎత్తుకపోయినా.

"సూదేసినా. ఈ పొద్దు గడిస్తే బతుకుతాదిమ్మా" అన్యాడు పశువుల డాక్టరు.

ఇప్పుడు మిట్టమధ్యాన్నం. గూబ నా ఒళ్లో ఉంది. అది కన్ను మూస్తే చాలు, తల తట్టి లేపుతాండా.

పక్కింటి మాబున్నక్క చూసి అరిచింది. "మొగుడు పోయినాక నీకు మతి గూడా పోయిందా? గూబ పగలు నిద్రపోక ఏం చేస్తాది? పండుకోనీ దాన్ని!"

నాకు మాత్రం తెలీదా? ఆ పొద్దు ఆస్పత్రిలో నీ మంచం కాడ నర్సమ్మ గూడా అట్లే చెప్పింది, "నిద్రపోతాండాడు, లేపొద్దు" అని.

నేను లేపలేదు మామా.