గాలి తీయనన్న ఒట్టు

ఫిబ్రవరి 9, సోమవారం

నీళ్ళ లారీ మళ్ళీ దిగబడింది. పెద్ద దిబ్బ సగం కూడా ఎక్కలేదు. బరువు తగ్గితే గానీ కదలదని ముసల్లం ట్యాంకరు కుళాయి విప్పి సగం నీళ్ళు ఇసుకలోకి వదిలేశాడు. మిగతా సగంతో వెనక్కి వచ్చాడు. నా కొడుకు ఇసుకకి నీళ్ళు పోయడమేమిటి.

దిబ్బ అవతల మా ఆయన అక్క, రయ్యా వదిన ఉంది. పదకొండు ఒంటెలు. ఆరు ఈ చలికాలంలోనే ఈనాయి. అక్కడి బావి ఉప్పెక్కిపోయింది. పికప్‌లో వెళ్ళే డ్రమ్ములు ఆమె తాగడానికి చాలుతాయి, పాలిచ్చే తల్లులకు ఏ మూలకూ రావు.

మరిది హమూద్ కాఫీకి వచ్చి తేల్చి చెప్పాడు. నెలాఖరులోగా ట్యాంకరు చేరకపోతే ఒంటెలు అమ్మేసి అక్కని ఇక్కడికి, మా బిదియా ఊళ్ళోకి తీసుకొచ్చేస్తాడట. నీ ఇంట్లోనే ఒక గది ఇద్దువుగాని వదినా, ఏసీ కింద హాయిగా కూర్చుంటుంది అన్నాడు. ఆమె నాలుగు గోడల మధ్య కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

పదమూడేళ్ళకు నేను కాపురానికి వస్తే పాలు పితకడం నుంచి ముఖానికి ముసుగు కత్తిరించుకోవడం దాకా అన్నీ ఆమే నేర్పింది. నా తొలి కాన్పులో మూడు రోజులు నా నడుం పట్టుకుని కూర్చుంది. ఆ బిడ్డే ముసల్లం.

ఫిబ్రవరి 11, బుధవారం

ముసల్లం టైర్లు మారుస్తాడట. ఇంకా పెద్దవి. బండి ఎత్తు పెరిగితే దిబ్బ వాలులో పక్కకి ఒరగదా అని అడిగాను. నువ్వు భయపడని వస్తువు ఒక్కటి చెప్పమ్మా, అదే కొనుక్కొస్తా అన్నాడు.

ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

బీపీ మాత్రలు కావాలని వంక పెట్టి నేనూ బండెక్కాను. మందుల షాపు పక్కనే గుల్ జమాన్ టైర్ల కొట్టు. పెషావర్ మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే.

ముసల్లం కన్ను ఎత్తైన టైర్ల మీద పడింది. లోతైన గాడులు, ఒక్కో గాడిలో నా పిడికిలి పడుతుంది. గుల్ జమాన్ వాటిని కాలితో తన్ని, ఇవి కొండదారికి, ఇసుకలో ఇవి పారలు, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావు అన్నాడు. ముసల్లానికి పౌరుషం వచ్చింది. నేను ఇసుకలోనే పుట్టాను తమ్ముడూ, నువ్వు నాకు చెప్తావా అన్నాడు. పుట్టావులే, మరి మొన్న ఆ ఇసుక నీ నీళ్ళెందుకు తాగేసింది అన్నాడు వాడు. కొట్టులో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ ముసుగు ఉంది కదా.

వాడు చూపించినవి వేరే. వెడల్పాటివి, కాస్త నున్నగా ఉన్నాయి. వెనక జంట టైర్లు తీసేసి ఇరుపక్కలా ఒక్కొక్కటే వేస్తాడట. ముందు టైరు తొక్కిన దారిలోనే వెనకదీ నడుస్తుంది, కొత్తగా ఇసుకని దున్నే పనిలేదు అన్నాడు. అంత బరువు మోసేదానికి కాళ్ళు తగ్గిస్తారా నాయనా అన్నాను. నీ ఒంటెకి ఎన్ని కాళ్ళమ్మా అని అడిగాడు.

అప్పుడు టైరు మీద చెయ్యి పెట్టి చూశాను. మా ఆయన ఒంటెని కొనేటప్పుడు పళ్ళకంటే ముందు పాదం ఎత్తి చూసేవాడు. కొండ ఒంటెది చిన్న పాదం, గట్టిది. ఇసుక ఒంటెది పరుచుకున్న పాదం. ఇవే తీసుకో అన్నాను. ముసల్లం నావైపు వింతగా చూసి, సరే అన్నాడు.

ఫిబ్రవరి 18, బుధవారం

టైర్లు బిగించారు. రాసుకుంటున్నాయని మడ్‌గార్డులు కొంచెం కోశారు. బండి జానెడు ఎత్తు లేచింది. చూడటానికి బాగానే ఉంది.

అన్నం తింటూ ముసల్లం ఒక మాట అన్నాడు. ఇసుక అంచున ఎప్పుడూ తీసేదానికంటే చాలా ఎక్కువ గాలి తీయమన్నాడట గుల్ జమాన్. టైరు పొట్ట నేల మీద పరుచుకునేదాకా. మా చిన్నాన్న కొడుకు బండికి గాలి తగ్గిన టైరు వాలులోనే ఊడివచ్చింది. ఆ బండి ఎలా దొర్లిందో నేను కళ్ళారా చూశాను.

అంత పెద్ద టైర్లు కొన్నది గాలి తీసే పని లేకుండా ఉండటానికేగా అన్నాను. వాదించాడు. ఏడ్చాను. చివరికి గాలి అసలు తీయనని దేవుడి పేరు మీద ఒట్టు వేయించుకున్నాను.

ఈ పూట మనసు కుదుటపడింది.

ఫిబ్రవరి 21, శనివారం

దిగబడింది. ఇరుసు దాకా. ఈసారి నీళ్ళన్నీ వదిలేశాడు.

హమూద్ వచ్చి, టైర్లు కొత్తవే, ఇసుక మాత్రం పాతదేగా అన్నాడు. వచ్చే శనివారం ఒంటెల బేరగాడు వస్తున్నాడట. ముసల్లం తల వంచుకుని విన్నాడు. గాలి ఎందుకు తీయలేదో చెప్పలేదు. నావైపు చూడను కూడా చూడలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

నడుచుకుంటూ గుల్ జమాన్ కొట్టుకి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ముందు స్టూలు వేసి టీ తెప్పించాడు. నిండా గాలి కొట్టిన పెద్ద టైరంటే పెద్ద రాయేనమ్మా అన్నాడు. మరి ఊడిపోతే అన్నాను. టైరు అంచుని పట్టుకునే ఇనప చుట్టు తను ముందే బిగించాడట. నెమ్మదిగా, నిటారుగా ఎక్కాలి, వాలులో మలుపు తిప్పకూడదు, అంతే అన్నాడు. నీ కొడుకు పోతే నాకు గిరాకీ ఎవడు తెస్తాడు, నీకంటే నాకే భయం ఎక్కువ అన్నాడు.

ఇంటికొచ్చి ముసల్లంతో ఒట్టు తీసేశాను ఫో అన్నాను. అది నువ్వు తీసేది కాదమ్మా, దేవుడి పేరు మీద వేసింది అన్నాడు. ఒట్టు తప్పితే పరిహారంగా పదిమంది పేదలకి అన్నం పెట్టాలి. సరే, వంట నాది అన్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

మేకమాంసం, అన్నం. ఇటుకలు మోసేవాళ్ళు, కొట్ల ముందు ఊడ్చేవాళ్ళు, లెక్కపెట్టి పదిమంది. గుల్ జమాన్ కూడా చేతులు కడుక్కుని కూర్చున్నాడు. నువ్వు పేదవాడివేంట్రా అన్నాడు ముసల్లం. మాంసం ఉన్న రోజు నేను పేదవాణ్ణే అన్నాడు. వాడికి పెద్ద ముక్క వేశాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

నేనూ వెళ్ళాను. నన్ను వదిలి వెళ్తే ఇంట్లో చచ్చిపోతాను, ఎక్కించుకుంటే బండిలో చచ్చిపోతాను, ఏది నయమో చూసుకో అన్నాను.

ఇసుక అంచున నాలుగు టైర్ల గాలీ తీశాడు. బుస్సుమని ఎంతసేపు పోయిందో. నేను దిగి చూశాను. కూర్చున్న ఒంటె పాదంలా మెత్తగా పరుచుకుంది టైరు. ఇసుక మీద మంచు తడి ఇంకా ఆరలేదు. దిబ్బ ఎక్కుతుంటే ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. ఇంజిన్ గొంతు మారింది, నేను ముసల్లం చెయ్యి పట్టుకోకుండా నా రెండు చేతులూ నా తొడల కింద పెట్టుకున్నాను. తర్వాత ముందుకి వంగాం. కింద వదిన గుడిసె.

ఏం పిల్లా, నువ్వు ఎక్కాక కూడా దిగబడలేదంటే ఇవి మంచి టైర్లే అంది వదిన. తొట్టి నిండుతుంటే ఒంటెలు తోసుకుంటూ వచ్చాయి. ఒక్కో తల్లీ తల ఎత్తకుండా తాగింది. ఆమె ఒక్కోదాని మెడ మీదా చెయ్యి వేసి పేరు పెట్టి పిలిచింది. బేరగాడికి కబురు పంపమని హమూద్‌కి చెప్పు, దారి చాలా దూరం, ఆయనకి శ్రమ ఎందుకు అంది.

దేవుడికి, గుల్ జమాన్‌కి. ఆ రోజు హమూద్ ముందు నోరు విప్పని నా కొడుక్కి. వీళ్ళకి నా కృతజ్ఞత ఎలా చెప్పుకోవాలో రాయడం నాకు చేతకావడం లేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

వదిన దగ్గరే ఉండిపోయాను. ముసల్లం ఆ రోజే ఖాళీ ట్యాంకరుతో వెళ్ళిపోయాడు. దిబ్బ ఎలా దాటతావని గానీ, మళ్ళీ ఎప్పుడొస్తావని గానీ నేను అడగనే లేదు. ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది.