గునుగు పూయని ఏడు

అశోక్ నగర్,
ఆదివారం

బాపూ, అమ్మా,

మీ ఇద్దరికీ, నాయనమ్మకూ దండాలు. బర్రె ఈనిందా? అమ్మకు దమ్ము తగ్గిందా, ఊపిరి ఆడుతోందా? నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో నా మాటకంటే తుమ్ములే ఎక్కువ వినిపిస్తున్నాయని ఈ ఉత్తరం రాస్తున్నాను. చెల్లె నిదానంగా చదవాలి.

బాపూ, నన్ను ఇంటికి తీసుకుపోతానన్నావు. ఉద్యోగం పరీక్ష దగ్గరికొచ్చింది, నేను రాను. ఏం జరిగిందో విను.

ఈసారి వానలు కొన్నాళ్లు ఎండగట్టి, కొన్నాళ్లు ముంచి పోయాయి. బతుకమ్మ పేర్చే గునుగు పువ్వు సరిగా పూయలేదు. నారాయణగూడ మార్కెట్‌లో దొరకలేదని, బతుకమ్మకు మా హాస్టల్ ఆంటీ వెనక ఖాళీ జాగాలో విరగబూసిన తెల్లపూలు కోసుకొచ్చింది.

"ఇది వయ్యారిభామ ఆంటీ, కలుపు మొక్క" అన్నాను.

"పేరు ముద్దుగనే ఉన్నది గదనే. అడుగు వరుసల పెడితే ఎవరు చూస్తరు?" అంది.

పేర్చడం బాగా వచ్చని నన్నే కూర్చోబెట్టారు. బతుకమ్మ పూర్తయ్యేసరికి నా కళ్లు వాచి మూసుకుపోయాయి, ఊపిరి అందలేదు. గదిలోని అమ్మాయి ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పుప్పొడి పడలేదంది. "వేడి పెరిగింది, వానలు కాలం తప్పినయ్. ఈ మొక్కకు అదే కలిసొచ్చింది. పూత తొందరగ మొదలైతది, ఓ పట్టాన ఆగదు. కిటికీలు మూసి ఏసీల ఉండు" అంది. ఏసీ అట. మా గదిలో ఫ్యాన్ తిరగడమే గొప్ప.

మందేసుకుని చిక్కడపల్లి రీడింగ్ హాల్‌కు పోయాను. అక్కడ చూసుకునే అన్న నా తుమ్ములు విని, "అందరు పరేషాన్ అయితున్నరక్కా, జర బయట కూసో" అన్నాడు. "ఊరి ముక్కుకు పట్నం గాలి పడ్తలేదు" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. బయట వరండా పక్కనే అదే మొక్క. పూత రాకముందు పీకితే పోయేది. మొన్న మున్సిపాలిటీ మనుషులొచ్చి, నిండు పూత మీద మిషన్ పెట్టి కోశారు. ఆ దుమ్మంతా కిటికీల్లోంచి లోపలికే వచ్చింది. వాళ్లను అడిగినవాళ్లు లేరు. బయట కూర్చోవలసింది మాత్రం నేను. వాతావరణ మార్పు మీద పేజీ నిండా రాస్తే పరీక్షలో మార్కులేస్తారు. అదే నా ముక్కులో దూరితే, నాదే తప్పంటారు.

ఊరికొస్తే తగ్గుతుందంటావు. మన చెలక గట్లమీద ఉన్నది ఏ మొక్క బాపూ?

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఆ రోజు డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. ఆటో ఎక్కాక అమ్మ చేతులు గుర్తొచ్చాయి. కలుపు తీసిన ప్రతిసారీ ఆ దద్దుర్లు, ఆ దమ్ము. "పనంటే చాలు, దీనికి దమ్మొస్తది" అంటుంది నాయనమ్మ. మనమంతా నవ్వుతాం. ఆ దమ్ముతోనే అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. ఆమెను ఒక్కసారైనా దవాఖానకు తీసుకుపోలేదు.

అందుకే బస్సెక్కి రా బాపూ. నన్ను తీసుకుపోవడానికి కాదు, అమ్మను తీసుకుని రా. అదే డాక్టరమ్మకు చూపిద్దాం. అప్పటిదాకా అమ్మ ఆ మొక్కను ముట్టొద్దు.

నేను పరీక్ష బాగా రాయాలని దీవించండి. చెల్లెకు ముద్దులు. చెల్లే, అమ్మ దమ్ము గురించి రాసింది మళ్లీ ఒకసారి చదువు, నాయనమ్మకు వినపడేట్టు గట్టిగా.

మీ బిడ్డ,
లత