బాబా గెలిచిన కప్పు

నవంబర్ 4, మంగళవారం

నేను డ్రైవరుగా ఉన్న ఇంటి అరబ్బు పెద్దాయన, బాబాను ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాను. ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా మరిచిపోతున్నాడు. కప్పు కథ మాత్రం పోలేదు. ఈ గల్ఫ్ దేశంలో జీతాలిచ్చి ఫుట్‌బాల్ ఆడించడం మొదలైన కొత్తలో, ఏడాదికొకరికి బెస్ట్ ప్లేయర్ కప్పు ఇచ్చేవారట. మొట్టమొదటిది ఈయనకే. కొన్నేళ్ళకే అది ఆగిపోయింది. తర్వాత వేరే పేరుతో వేరే బహుమతి... పాతవాళ్ళను ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

నవంబర్ 6, గురువారం

బాబా ఒకప్పుడు ఆడిన క్లబ్బు నుంచి ఫోన్. పాత వస్తువులకు ఒక గది కడుతున్నారు. కప్పు చూడ్డానికి ఎల్లుండి వస్తారట. బాబా పెద్ద కొడుక్కి నమ్మకం లేదు — "ముసలాయన ఊహేమో." కాగితాలేవీ మిగల్లేదు. కప్పు మీది పేరొక్కటే సాక్ష్యం. బాబా కొత్త తెల్ల అంగీ కావాలన్నాడు. ఉమ్ ఘువైలినా పేటలో బట్టల కొట్టుకెళ్ళి తెచ్చాను.

నవంబర్ 7, శుక్రవారం

కొంప మునిగింది.

వంటింటి పని చూసే కడప అమ్మాయి లక్ష్మి, పెద్దవాళ్ళొస్తున్నారని కప్పు తోమింది. చింతపండు, ఉప్పు, పీచు. ఇత్తడి తళతళలాడుతోంది. నల్లరంగుతో రాసిన అరబ్బీ అక్షరాలు... ఒక్కటీ లేదు.

"నల్లగా ఉంటే చిలుమనుకుంటిని అన్నా. గట్టిగా రుద్దినా."

ఎలా తిట్టను? మా ఇంట్లోనూ పండక్కి అలాగే తోముతారు.

నవంబర్ 8, శనివారం

క్లబ్బు మనిషి కప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పేరేది?"

తోమితే చెరిగిపోయిందని లక్ష్మే ముందుకొచ్చి చెప్పింది, సగం అరబ్బీ, సగం హిందీ. నమ్మలేదు. పేరు మాఫీ అంటే కప్పూ మాఫీ అన్నాడు — పేరు లేకపోతే కప్పూ లేనట్టేనట. పోసిన గహ్వా కాఫీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు. పెద్ద కొడుకు నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. బాబా కొత్త అంగీలో కూర్చుని అందరి మొహాలూ చూస్తున్నాడు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్నే బాబా కప్పు ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళతో తడుముతున్నాడు.

"ఇది ఎవరు గెలిచారు?"

"మీరే బాబా."

"నేనైతే నా పేరుండేది కదా."

ఏడుపొచ్చింది. ఆయన చెప్పిన కథే ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మంచి ఆటగాడే. బతికున్నాడా?"

నేను నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి లక్ష్మి — "ఉండాడు బాబా."

"యల్లా, పద, కారు తియ్యి. చూసొద్దాం."

చెప్పులు వెతుక్కుంటున్నాడు.