ముందుగదిలో కుట్టుమిషన్

కొంటా,
ఆగస్టు 11

మా అత్తమ్మకు మీ కోడలు నాగలక్ష్మి దండాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకండి. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే కాబట్టి క్షేమమే. ఫోన్‌లో మీకు సరిగా వినపడదు. నేను అరిచి చెబితే మీకంటే ముందు పక్కింటి కోసికి తెలుస్తుంది. ఇది అరిచి చెప్పే మాట కాదు. తోంగ్‌పాల్‌లో మీ అమ్మాయి సునీత వదినా, పిల్లలూ హిందీలో చదువుకున్నవాళ్లు. ఆ ఇంట్లో తెలుగు కాగితం చదవగలిగేది మీరొక్కరే. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ముందుగది ఖాళీ చేశాను. కుట్టుమిషన్ అక్కడ పెట్టాను.

వెనక వసారా రేకు కారుతుందని మీకు తెలుసు. పోయిన వారం వానకు, మహిళా సమూహం వాళ్లు ఇచ్చిన స్కూలు డ్రెస్సుల బట్ట తడిసింది. నీలం రంగు దిగి తెల్ల చొక్కాలకు అంటింది. ఆ మరకలు ఉతుకుతూ ముందుగది వైపు చూశాను. రెండు కిటికీలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు. ఆ వెలుతురంతా ఎవరికి? సోఫాకు. దాని మీదున్న ప్లాస్టిక్ కవరుకు. జగదల్‌పూర్‌లో పని దొరికిన కొత్తలో మీ అబ్బాయి ఆ సోఫా కొని పంపి, "కవరు నేనొచ్చి తీస్త, ఎవ్వలు ముట్టొద్దు" అన్నారు. ఎవరూ ముట్టలేదు.

జరపడానికి కోసిని పిలిస్తే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది అక్కా, గీ రూముల మమ్మల్ని కాలు పెట్టనియ్యరు గద? సోమక్క చూస్తే ఊకుంటదా?"

"అత్తమ్మ తోంగ్‌పాల్‌ల ఉంది. నువ్వు ఆ కొస పట్టు."

ఇద్దరం వసారాలోకి మోశాం. కోసి దాన్ని చుట్టూ తిరిగి చూసి, "కొత్తగనే ఉందక్కా, ఒక్కలు గూడ కూసోలేదా?" అంది. లేదన్నాను. అప్పుడు నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఆకలి వేసింది. ఇద్దరం గంజి తాగాం.

ప్రతి శుక్రవారం మీరు సోఫా తుడిచేవారు, నేను కర్టెన్లు దులిపేదాన్ని. "మావోడు వస్తే ఇల్లు సక్కగ కనబడాలె" అనేవారు. "అవునత్తమ్మా" అనేదాన్ని. ఆ మాట అబద్ధం. రెండేళ్లుగా అబద్ధమే చెబుతున్నాను.

రెండేళ్ల కిందట దసరా అయ్యాక ఆయన రెండు రోజులకు ఇంటికొచ్చారు, గుర్తుందా? పాంట్లు ఉతకడానికి వేశారు. నేను కుట్టినవే. నడుము దగ్గర వెనక కుట్టు విప్పి, అంగుళం వదులు చేసి, మళ్లీ కుట్టి ఉంది. అడిగితే "ఆడ దర్జీ చేసిండు" అన్నారు. దర్జీ అయితే మిషన్ మీద చేస్తాడత్తమ్మా. అది ఇంట్లో కూర్చుని, దారం రెండు పేటలు వేసి, తొందర లేకుండా సూదితో కుట్టిన కుట్టు. నేను చివర ముడి వేస్తాను. ఆమె ముడి వేయదు, వెనక్కి రెండు కుట్లు వేసి తెంపుతుంది. తప్పు పట్టాలని వెతికాను. దొరకలేదు. ఇంకోసారి వచ్చినప్పుడు చొక్కా గుండీ కూడా అదే చేత్తో కుట్టి ఉంది. ఆ తర్వాత రావడమే మానేశారు. పని ఎక్కువగా ఉందని ఫోన్‌లో నాకు చెప్పేవారు, నేను మీ చెవిలో చెప్పేదాన్ని.

మీకు ఎందుకు చెప్పలేదంటే, కొడుకొస్తాడని ఆ గది తుడుస్తూనే మీరు బతుకుతున్నారనిపించింది. నాకు ఆయన మీద కోపం రావడం లేదు. దుఃఖమూ లేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, లోపలంతా అలా ఉంది. మిషన్ తొక్కుతున్నంతసేపూ కాళ్లు మాత్రం నావే అనిపిస్తున్నాయి.

ఇల్లు మీ పేరున ఉంది. ఆ గది మీ కొడుకు కోసం దాచినది. సోఫా వెనక్కి పెట్టమంటే పెడతాను. కానీ పెట్టాక నేనిక్కడ ఉండలేను. మిషన్ తీసుకుని శబరి నది దాటి, చింతూరులో మా అన్న రాఘవులు ఇంటికి పోతాను. ఏదో ఒకటి రాయండి.

మీ కోడలు
నాగలక్ష్మి


కొంటా,
ఆగస్టు 19

అత్తమ్మా,

మీ జవాబు కోసం చూశాను. నిన్న బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపిన సంచి అందింది. అందులో జాకెట్టు గుడ్డ ఒక్కటే ఉంది. కాగితం ఉందేమోనని సంచి తిరగేసి దులిపాను. లేదు. కొలతకు ఆది జాకెట్టు కూడా పెట్టలేదు. ఆది లేకుండా ఎలా కుట్టేది? మీ పెట్టెలో పాత ఆకుపచ్చ జాకెట్టు దొరికితే దాన్నే ఆదిగా పెట్టి కుట్టాను. ముందుగదిలో, కిటికీ దగ్గరే కుట్టాను. ఆ సంగతి దాచను. జాకెట్టు ఈ ఉత్తరంతో పాటు అదే కండక్టర్ చేతికిస్తున్నాను.

ఈ గుడ్డకు అర్థమేమిటో నాకు తెలియలేదు. ఉండమన్నట్టా, పొమ్మనే ముందు ఆఖరి జాకెట్టా? ఆదివారం దాకా చూస్తాను. సోఫా మీద టార్పాలిన్ కప్పాను. తడవలేదు.

నాగలక్ష్మి


తోంగ్‌పాల్,
ఆగస్టు 21

బిడ్డా లక్ష్మీ,

నేను కలం పట్టక నలభై ఏండ్లాయె. మాట్లాడినట్టే రాస్తున్న. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాద్దామని మూడు కాగితాలు చింపిన. రాయరాక గుడ్డ పంపిన. కుట్టుకోమని గుడ్డ పంపినోళ్లు పొమ్మంటరానే? అంత మాత్రం తెల్వదా నీకు?

జాకెట్టు తొడుక్కున్న. కుట్టు మంచిగుంది. కానీ అందుల ఇంకో సోమక్క పడుతది. భుజాలు జారుతున్నయ్. సునీత ఒకటే నవ్వుడు. ఆ ఆకుపచ్చది రెండేండ్ల కిందటిది బిడ్డా. నేను ఇప్పుడు ఆ మనిషిని కాదు. ఎందుకు చిక్కిపోయిననో చెప్త.

నువ్వు ఒక మాట దాచినవు. నేనూ దాచిన. ఆ దసరాకు ముందు కంటి ఆపరేషన్‌కు జగదల్‌పూర్ పోయిన గద. దవాఖాన కాడికెళ్లి రాంచందర్ నన్ను వాని రూముకు తీస్కపోయిండు. ఆడ ఆమె ఉంది. సీత అట పేరు. చాప మీద కూసోబెట్టి నీళ్లిచ్చింది. ఒక కంటికి కట్టుండె, ఇంకో కన్నుతోనే చూసిన. ఒళ్లో ఆడపిల్ల. "అమ్మా, లక్ష్మికి నువ్వు చెప్పకు, నేనే చెప్త" అన్నడు. వాడు చెప్పలే. నేనూ చెప్పలే. చెప్తే నువ్వు చింతూరు పోతవని నా భయం. వాడెట్లనో పోయిండు, నువ్వు గూడ పోతే నాకెవరే?

నువ్వు వాని కోసం చూస్తున్నవనుకోని నేను సోఫా తుడిచిన. నేను చూస్తున్ననుకోని నువ్వు కర్టెన్లు దులిపినవు. ఎవ్వలు రాని గదిని రెండేండ్లు ఇద్దరం కలిసి మెరిపించినం. నీ ఉత్తరం చదివి నవ్విన. తర్వాత బాయి కాడికి పోయి ఏడ్చిన. నీకు రాని ఏడుపు గూడ నేనే ఏడ్చిన అనుకో. నీ మొఖం చూసుకుంట ఆ ప్లాస్టిక్ తుడవలేకనే, సునీత పిల్లల పేరు చెప్పి ఈడికి వచ్చిన.

ఆ గది వానిది కాదు. నేను, మీ మామ మట్టి తొక్కి కట్టినం. మిషన్ జరపకు. ఆ కవరు చింపి సోఫాను లోపలికి తీస్కరా, బట్టలు తెచ్చినోళ్లు కూసుంటరు. మొదలు కోసిని కూసోబెట్టు. ఇన్నేండ్లు ఆమెను గుమ్మం దాటనియ్యలే, అది నా తప్పే.

ఈ ఉత్తరం కండక్టర్‌కు ఇస్తున్న. నేను శనివారం పొద్దుగాల బస్సుకు వస్త. జాకెట్టు తెస్తున్న, విప్పి చిన్నగ చెయ్యి. మళ్ల పాత ఆది పెట్టకు. నన్ను ఆ కిటికీ కాడ నిలబెట్టి కొలతలు తీస్కో.

మీ అత్తమ్మ
సోమక్క