పై గదికి రెండో రౌటర్

జూలై 4
మళ్ళీ అక్క ఫోన్‌కే చేశాడు ఆయన. దుబాయ్ నుంచి చేసే ప్రతి వీడియో కాలూ ముందు ఆమెకే, నా తోటికోడలికే. నేను మెట్లు దిగేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. "ఇగో, నీ పెండ్లాం వచ్చింది" అని అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆయన ముఖాన నవ్వు ఇంకా ఉంది... నా కోసం పుట్టిన నవ్వు కాదది.
"పైన సిగ్నల్ రాదు గదా, గిరగిర తిరుగుతది. అందుకే వదినకు చేసిన."
నిజమే. రౌటర్ కింద బావగారి గదిలో. నేను పైన. మధ్యలో స్లాబు.

జూలై 6, ఆదివారం
చర్చిలో అక్క పక్కనే. ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పింది, నాదీ చెప్పింది. నా ప్రార్థనలో ఆమె పేరు దాటేశాను.

జూలై 7
అత్తమ్మ పోయేనాటికి ఆయన చిన్నపిల్లాడు. ముద్దలు కలిపి పెట్టింది అక్కే, బడికి పంపింది అక్కే. దుబాయ్ వెళ్ళే రోజు ఆమెను పట్టుకుని ఏడ్చాడు. నాకు చెయ్యి ఊపాడు.
ఇదంతా తెలుసు. తెలిసీ కడుపు మండుతుంది.

జూలై 9
కరీంనగర్ వెళ్ళి కొత్త రౌటర్ తెచ్చాను. బస్సులో ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఇక ఏ సాకూ ఉండదు.

జూలై 10
కింది రౌటర్ నుంచి కిటికీ మీదుగా వైరు లాగాను. స్టూలు కదలకుండా పట్టుకుంది అక్కే.
వీడియో చూసి చేశాను. రెండింటికీ ఒకే అడ్రస్ ఉండకూడదు, కొత్తదానికి మార్చాలి. ఫోన్లకు నెట్ నంబర్లు పంచే పని కిందిదే చెయ్యాలి, పైదాంట్లో అది ఆపెయ్యాలి. అది మర్చిపోయాను. మధ్యాహ్నమంతా ఇంట్లో ఎక్కడా నెట్ లేదు.
"ఉన్నది గూడ పోయింది గదా" అన్నారు బావగారు.
"జర ఆగుండ్రి. సదువుకున్న పిల్ల, చేస్తది."
నన్ను ఆమె వెనకేసుకు రావడం కూడా నచ్చలేదు.
సాయంత్రం అది ఆపాక నెట్ వచ్చింది. "రెండిటికీ ఒకటే పేరు పెట్టు చెల్లె, ఇల్లు ఒకటే గదా." వేరే పేరు పెట్టాను. పాస్‌వర్డ్ కూడా వేరే. "అట్లనే పెట్టాలె అక్కా" అన్నాను. అబద్ధం.
నమ్మింది.

జూలై 11
పైన ఫుల్ సిగ్నల్. నేనే కాల్ చేశాను. ఆయన గడ్డం మీది చిన్న గాటు కూడా కనిపిస్తోంది.
"తిన్నవా?"
"తిన్న. అక్కడ ఎండలు?"
"ఉన్నయి."
బొమ్మ ఆగిపోయింది. నెట్ పోయిందనుకున్నాను... ఆయన రెప్ప వేశాడు. నెట్ బాగానే ఉంది.
"సరే... జర వదినకియ్యి."
కిందికి తీసుకెళ్ళి ఇచ్చి, గుమ్మం బయట నిలబడి విన్నాను. పుంటికూర. ఒట్టి గోంగూర గురించి అంతసేపు!

జూలై 14
నేనూ పుంటికూర సంగతి ఎత్తాను. "ఏమైంది నీకు?" అన్నాడు.

జూలై 16
నేనే చేశాను. మళ్ళీ "వదినకియ్యి". నోట్లోంచి వచ్చేసింది — "అక్కకు పానం బాగలేదు, పండుకున్నది."
ఆ ముఖం... రంగు పోయింది. "ఎప్పటిసంది? దవాఖానకు తీస్కపోయిండ్రా? నాకెందుకు చెప్పలే?" పోయిన నెల నాకు జ్వరమొస్తే "గోలీ వేసుకో" అన్న మనిషి.
టక్కున పెట్టేశాడు. కింద అక్క ఫోన్ మోగింది. మెట్ల మీదికి వచ్చి విన్నాను.
"నాకా?..." అంది అక్క. "అవ్ బిడ్డా, జర తలకాయ నొచ్చింది. ఇప్పుడు మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు."
ఫోన్ పెట్టి తలెత్తి నన్ను చూసింది. చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

జూలై 17
పొద్దున్నే చేశాడు. మొదటిసారి, ముందు నాకే.
"వదినకెట్లుంది?"