బెణుక్కి నా తన్ను కావాలంట

ఏమయ్యా, నేను చెనక్కాయ పెరికేదానికి పోతాండా. ట్రాక్టర్ మీంచి దూకి చీలమండ బెణికించుకున్నావ్ కదా, దానికి నూనె పోసి రుద్దొద్దు, వాపు ఇంకా ఎక్కువైతాది. ఐసుముక్కలు తువ్వాలలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టుకో. కాలు దిండు మీద ఎత్తిపెట్టు. ఎముక మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా మీ తమ్ముడు తిప్పేష్‌ను తోడు తీసుకొని ఉరవకొండకు పోయి ఎక్స్‌రే తీయించుకో.

"ఎదురుకాళ్లతో పుట్టినదానివి, నువ్వు ఒక తన్ను తంతే బెణుకు పోతాదే" అని పొద్దున్నుంచి సతాయించినావ్. ఎదురుకాళ్ల పిల్ల ఇంటికి అరిష్టమని పెండ్లిలో మీ అమ్మ అన్నప్పుడు నోరు మూసుకొని కూర్చున్నావే, ఇప్పుడు అదే కాలు మందయిందా? నేను తన్నను.

జయంతి

మీ అమ్మకు నడుము పట్టేసిందంట కదా. రమ్మను. ఆమెనైతే మనసారా తంతా.