టాలివర్ గారింటి పియానో

సవానా, జార్జియా
1888 మార్చి

చెల్లెలు ఫీబీకి అన్న ప్రైమస్ దీవెనలు.

"ఒట్టు డోర్కస్, మీ తల్లీపిల్లల్ని విడదీయనివ్వను." యాభై ఏళ్ళ కిందట టాలివర్ గారి వంటింటి గుమ్మంలో నిలబడి దొరగారి కూతురు మన అమ్మకిచ్చిన మాట ఇది. పూట గడవకముందే తప్పింది. నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ఆ మాటే చెవిలో గింగురుమంటోంది.

ఇక్కడ మేం కులాసా, నా మోకాళ్ళు తప్ప. మీ వదిన నీకోసం ఎండు పీచ్ పళ్ళు మూటగడుతోంది. నేను ఇప్పటికీ మంగలిపనే చేస్తున్నానా అని అడిగావు. చేస్తున్నాను. ఒకప్పుడు మనుషుల్ని కొన్న దొరలే వచ్చి నా కుర్చీలో మెడ పైకెత్తి కూర్చుంటారు. ఇన్నేళ్ళలో ఒక్క గాటు పడలేదు. నా సహనం మీద ఏ పాస్టరైనా ఒక ప్రసంగం చెప్పవచ్చు.

చదువు మానలేదు. ఈ చలికాలం రోము చరిత్ర ముగించాను. అక్కడా యజమాని పోతే బానిసల్ని పంచుకునేవారట. దానికి ఆ చరిత్రకారుడు అరవాక్యం ఇచ్చాడు. ఒక సేనాపతి గుర్రానికి రెండు పేజీలిచ్చాడు. నిన్ను పంచిన రోజు గురించి ఆ అరవాక్యమైనా రాసినవాడు లేడు. అందుకని నేను రాస్తున్నాను.

ఈస్టర్ ఆదివారం నీ మనవరాలికి బాప్తిస్మం ఇప్పించి, కొర్నీలియా అని పేరు పెడతానన్నావు. "ఆ రోజు నా కళ్ళు తుడిచి, తన జడలో నీలం రిబ్బను తీసి నా చేతికి కట్టింది కొర్నీలియా దొరసాని ఒక్కతే కదన్నా" అని రాశావు. అందుకే ఈ ఉత్తరం ఈస్టర్ లోపల నీకు అందాలి.

నీకప్పుడు ఏడేళ్ళు. పెద్దదొర పోయిన తరువాత ముగ్గురు పొరుగు దొరలు వచ్చి మనల్ని వరండా ముందు నిలబెట్టారు. పళ్ళు చూశారు, పిక్కలు నొక్కారు. మనుషుల్నీ, పశువుల్నీ, ఇంటి సామాన్లనీ కలిపి సమంగా వాటాలు కట్టారు. వాటాకొక చీటీ రాసి పెద్దదొర టోపీలో వేశారు. మిసిసిపీలో ఉంటున్న కొడుకు లూషియస్ ముందు తీశాడు. తరువాత కూతురు కొర్నీలియా తీసింది.

ఫీబీ, ఆమె తీసిన చీటీలో మనం ముగ్గురం ఉన్నాం. అమ్మ, నేను, నువ్వు. నీకది తెలియదు. నువ్వప్పటికే కోళ్ళగూటి దగ్గరికి పరుగెత్తావు.

అయితే ఆ ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. చీటీలయ్యాక పొద్దు గూకేదాకా వారసులు తమలో తాము వాటాలు మార్చుకోవచ్చు. ఆ తరువాతే సంతకాలు. నేను ముందుగదిలోకి కట్టెలు మోసుకెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళు పియానో దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి గొంతు తగ్గించలేదు. కట్టెల్ని చూసి ఎవరు గొంతు తగ్గిస్తారు?

"పియానో నీ వాటాలో పడిందన్నయ్యా. అది అమ్మది. నీకెందుకు?"

"మిసిసిపీ అడవుల్లో వాయించి ఎవరికి వినిపిస్తాన్లే, కప్పలకా? తీసుకో. బదులేమిస్తావ్?"

"కంచరగాడిదల జత ఇస్తా."

"గాడిదలు నాకున్నాయి. మా ఆవిడ ఉయ్యాల ఊపడానికో పిల్ల కావాలంటోంది. ఆ డోర్కస్ కూతుర్నియ్యి."

ఆమె పియానో మూత నిమిరింది. "వాళ్ళమ్మకి మాటిచ్చానన్నయ్యా."

"చీటీ అలా వచ్చిందని చెప్పు. తిడితే నన్నే తిడతారు, తిట్టుకోనీ. రేపీపాటికి నేనుంటానా ఏంటి?"

"అమ్మ వేళ్ళు తగిలిన మీటలివి" అని ఏడ్చింది. ఏడుస్తూనే సరేనంది. తరువాత బయటికొచ్చి, చీటీ అలా వచ్చిందని చెప్పి, నీ చేతికి రిబ్బను కట్టింది.

నేను వంటింట్లోకి పరుగెత్తి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ పిండిచేత్తోనే నా నోరు మూసింది.

"ఫీబీకి చెప్పావంటే చంపేస్తా. అది రేపు బండెక్కుతుంది. దారి పొడుగునా తల్చుకోడానికి ఒక్క మంచి మొహమన్నా ఉండాలి దానికి. ఎవరి మొహమైతే ఏంట్రా?"

అందుకే ఇదివరకటి ఉత్తరాల్లో ఆవిడ మాట వచ్చినప్పుడల్లా దాటేశాను. అమ్మకిచ్చిన మాట ఈ రోజు తప్పుతున్నాను. అమ్మ ఉంటే తనే తప్పమనేదని నా నమ్మకం.

అమ్మ నిన్ను తలుచుకునేదా అని అడిగావు. స్వేచ్ఛ వచ్చేదాకా ఆ పియానో దుమ్ము తుడిచింది నేనే. సాయంకాలాలు దొరసాని వాయించేది. మొదటి స్వరం వినపడగానే అమ్మ వంటింటి తలుపు మూసి, నీ పేరు కలిపి కట్టిన పాటొకటి గొంతెత్తి పాడేది, పియానో వినపడకుండా. అతిథులుంటే తిట్లు తినేది. అయినా మానలేదు. చనిపోయే ఏడాది గొంతు పోతే, గిన్నె మీద గరిటెతో ఆ పాట దరువు వేసేది.

లూషియస్ మీద కోపం ఎప్పుడో చల్లారింది. పాము పామునని చెప్పుకునే తిరిగింది. రిబ్బను పారేయకు చెల్లీ. నిన్ను మిసిసిపీ దాకా నడిపించింది అది. అమ్మ కోరింది కూడా అదే. పాపకి మాత్రం ఆ పేరు వద్దు. డోర్కస్ అని పెట్టు. నేను రైలెక్కి వస్తున్నాను. పాస్టరు నీళ్ళు చల్లుతూ అమ్మ పేరు బిగ్గరగా పలకడం ఈ చెవులతో వినాలి.

మనల్ని విడదీసిందెవరు, పెద్దదొరా, లూషియసా, ఆ పాడు టోపీయా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. టోపీ మనల్ని కలిపే ఉంచింది ఫీబీ. విడదీసింది కొర్నీలియా టాలివర్.

ఇట్లు,
నిన్ను వీపున మోసిన అన్న
ప్రైమస్